క్వార్టర్ అంటే ఒకటా, ఆరా? ఫస్టియర్ హాస్టల్ నుంచి ఒక కేసు

నేను అనంతపురంలో కౌన్సెలింగ్ సైకాలజిస్టుని. ఊరు దాటాక 44వ నంబరు జాతీయ రహదారి మీదున్న ఒక ఇంజనీరింగ్ కాలేజీకి వారానికి రెండు రోజులు వెళ్తాను. 2024 ఆగస్టు నుంచి మరుసటి ఆగస్టు దాకా అక్కడ నడిచిన కేసు ఇది. అబ్బాయి ఒప్పుకున్నాకే రాస్తున్నాను. అతని ఊరు, బ్రాంచి, ఇంటి సంగతులు కొన్ని మార్చాను. ఇక్కడ అతన్ని చిన్నోడు అంటాను.

చిన్నోడు మేం ఫోన్లకు పంపిన మద్యం ఫారాన్ని రెండుసార్లు నింపాడు. మొదటిసారి అతని స్కోరు సున్నా. రెండోసారి ఆరు. నా ఎదురుగా కూర్చుని రెండోసారి ఇచ్చిన జవాబుల్నే మళ్లీ లెక్క వేస్తే పది వచ్చింది. మధ్యలో అతని తాగుడు కొంత పెరిగిన మాట నిజమే. కానీ ఈ మూడు అంకెల మధ్య తేడాలో ఎక్కువ భాగం నా తప్పు. నేను అడిగిన తీరులో ఉంది.

ఆగస్టు లింకు

ఏటా ఫ్రెషర్స్ పార్టీ అయ్యాక ఒకరిద్దరిని ఆసుపత్రికి మోసుకుపోవడం ఆ కాలేజీకి అలవాటైపోయింది. ఈసారి అడ్మిషన్లు అవుతుండగానే నన్ను పిలిచి, పిల్లలందరికీ ఒకేసారి అయ్యేది ఏదైనా చేయమన్నారు. ఫస్టియర్ మొత్తాన్ని ఒక్కొక్కరిగా కూర్చోబెట్టి మాట్లాడటం నావల్ల కాదు. అందుకే ఆన్‌లైన్ మాట వచ్చింది.

ఇది కొత్తగా కనిపెట్టిందేమీ కాదు. అమెరికాలో ఆల్కహాల్‌ఎడ్యు, ఈ-చెకప్ టు గో లాంటి ఆన్‌లైన్ కోర్సులు చాలా ఏళ్లుగా ఉన్నాయి. చాలా యూనివర్సిటీల్లో కొత్త విద్యార్థి క్యాంపస్‌లో కాలు పెట్టకముందే అలాంటిదొకటి పూర్తి చేయాలి. వీటి వేళ్లు 1990లలో యూనివర్సిటీ ఆఫ్ వాషింగ్టన్‌లో అలన్ మార్లాట్ బృందం నడిపిన పనిలో ఉన్నాయి. విద్యార్థిని కూర్చోబెట్టి ఎంత తాగుతున్నావని అడిగి, అతని లెక్క అతనికే చూపించి, తీర్పు చెప్పకుండా మాట్లాడి పంపడం వాళ్ల పద్ధతి. దాన్ని ఫోన్ తెరలోకి కుదిస్తే వచ్చినవే ఈ కోర్సులు. ఇంకో ఆధారం కూడా ఉంది. పక్కవాళ్లు తాగేదాన్ని విద్యార్థులు ఉన్నదానికంటే ఎక్కువగా ఊహించుకుంటారని 1986లో పెర్కిన్స్, బెర్కోవిట్జ్ అనే ఇద్దరు చూపించారు. ఆ ఊహను సరిచేస్తే తాగుడు కొంత తగ్గుతుందని ఆశ.

నేను తెలుగులో ఒక ఫారం చేశాను. తాగుడు ఎంత ప్రమాదకరంగా ఉందో కొలవడానికి ప్రపంచ ఆరోగ్య సంస్థ తయారుచేసిన ఆడిట్ (AUDIT) అనే ప్రశ్నావళిలోని పది ప్రశ్నలు పెట్టాను. దాని స్కోరు సున్నా నుంచి 40 దాకా ఉంటుంది. ఎనిమిది, ఆపైన వస్తే జాగ్రత్తపడాలి, ఇరవై, ఆపైన వస్తే డాక్టరు చూడాలి. వాటికి మూడు చిన్న వీడియోలు జోడించాను. మందు ఒంట్లో ఏం చేస్తుందో ఒకటి, మన రాష్ట్రంలో 21 నిండనివాళ్లకు అమ్మకూడదనే చట్టం గురించి ఒకటి, తాగి స్పృహ తప్పినవాణ్ని ఏం చేయాలో ఒకటి. వాట్సాప్ గ్రూపుల్లో లింకు పంపాం.

ఎవరు నింపారో తెలియాలి కాబట్టి రోల్ నంబరు అడుగుదామని ఆఫీసువాళ్లు అన్నారు. సరేనన్నాను. నింపినవాళ్లకు ఒక పూట అటెండెన్స్ ఇస్తామన్నారు. దానికీ సరేనన్నాను. చివరికి కంప్యూటర్ ల్యాబులో, క్లాస్ టీచర్ వెనకాల నడుస్తుండగా పిల్లలు ఫారం నింపారు. దాదాపు అందరికీ సున్నా. ఆ కాగితాలు ప్రిన్సిపాల్‌కి ఇచ్చేటప్పుడు నాకు లోపల కాస్త సంతోషంగానే ఉందని ఒప్పుకోవాలి. ‘మనకు మంచి బ్యాచ్ వచ్చింది’ అన్నారాయన. పదిహేనేళ్లుగా ఈ పని చేస్తున్న దాన్ని, రోల్ నంబరు రాసిన కాగితం మీద ‘నేను తాగుతాను’ అని ఎవరు రాస్తారన్న ఆలోచన నాకు రాలేదు.

ఆ రాత్రి

2024 అక్టోబరు 16న రాష్ట్రంలో కొత్త మద్యం విధానం వచ్చింది. ప్రభుత్వ దుకాణాలు పోయి ప్రైవేటు దుకాణాలు తెరిచారు. 180 మిల్లీలీటర్ల క్వార్టర్ 99 రూపాయలకే దొరికే బ్రాండ్లు వచ్చాయి. చిన్నోడు తాగింది అందువల్లేనని అనను. అంతకుముందూ దొరికేది, కర్ణాటక నుంచీ వచ్చేది. అయితే హాస్టల్ పిల్లాడి జేబులో వంద నోటు ఎప్పుడూ ఉంటుంది.

కాలేజీలో జరిగిన ఫ్రెషర్స్ పార్టీలో మందు లేదు. అసలు పార్టీ ఆ తర్వాత సీనియర్లు అద్దెకు తీసుకున్న గదిలో జరిగింది. వాళ్లు దాన్ని సిట్టింగ్ అంటారు. చిన్నోడు మొదట ఒక స్ట్రాంగ్ బీరు తాగాడు. తర్వాత స్ప్రైట్‌లో కలిపి ఒక క్వార్టర్ లాగించాడు. మొత్తం గంటన్నరలో. పదకొండు దాటాక మెట్ల మీద కూలబడ్డాడు. సీనియర్లు ఎత్తి మంచం మీద వెల్లకిలా పడుకోబెట్టారు. ఒకరు నిమ్మకాయ నీళ్లు పట్టమన్నారు, ఇంకొకరు మజ్జిగ కోసం పరిగెత్తారు. స్పృహలో లేనివాడి నోట్లో ఏది పోసినా ఊపిరితిత్తుల్లోకి పోయే ప్రమాదం ఉంది. ఆ సంగతి అక్కడున్న ఎవరికీ తెలియదు.

తెలిసినవాడు ఒక్కడే ఉన్నాడు. చిన్నోడి రూమ్మేట్‌కి పదిహేడేళ్లు, మందు ముట్టడు, బిర్యానీ కోసం వెళ్లాడు. ఆగస్టులో చూసిన వీడియోల్లో ఒక్క ముక్క తప్ప మిగతాదంతా మర్చిపోయాడు. ఆ ఒక్క ముక్క, పక్కకు తిప్పి పడుకోబెట్టాలని. సీనియర్లు తిడుతున్నా తిప్పాడు. పది నిమిషాల్లో చిన్నోడు వాంతి చేసుకున్నాడు. వెల్లకిలా ఉండి ఉంటే ఏమయ్యేదో రాయనక్కర్లేదు. 108కి చేద్దామంటే మాత్రం ఎవరూ ఒప్పుకోలేదు. ‘బండొస్తే కాలేజీకి తెలుస్తాదిరా, అందరం పోతాం’ అన్నారట. ఆ పిల్లాడు తెల్లారేదాకా పక్కనే కూర్చుని ఊపిరి చూస్తూ ఉన్నాడు.

వాళ్లు తాగిన కొలత రాస్తాను, ఎందుకంటే ముందు ముందు అదే కీలకం. మన దేశంలో ఒక యూనిట్ అంటే పది గ్రాముల ఆల్కహాల్, అంటే 30 మిల్లీలీటర్ల విస్కీ లేదా బ్రాందీ. క్వార్టర్‌లో అలాంటివి ఆరుంటాయి. 650 మిల్లీలీటర్ల సీసాలో మామూలు బీరైతే సుమారు రెండున్నర, ఎనిమిది శాతం స్ట్రాంగ్ అయితే నాలుగు. చిన్నోడు ఆ రాత్రి వేసింది పది యూనిట్లు, అంటే సుమారు వంద గ్రాములు. లివరు గంటకు దాదాపు ఒక యూనిట్ మాత్రమే అరిగించుకోగలదు. నిమ్మరసం, కాఫీ, చన్నీళ్ల స్నానం దాని వేగాన్ని పెంచలేవు. బండి నడిపేవారికి చట్టం పెట్టిన హద్దు 100 మిల్లీలీటర్ల రక్తంలో 30 మిల్లీగ్రాములు. చిన్నోడి బరువు 55 కిలోలు. కాగితం మీద లెక్క కడితే అతను ఆ హద్దుకు చాలా రెట్లు పైనే ఉన్నాడు.

మూడు రోజుల తర్వాత నా గదికి ముందుగా వచ్చింది చిన్నోడు కాదు, ఆ రూమ్మేట్. తలుపు దగ్గరే నిలబడి, ‘పక్కకి తిప్పితే చాలా మేడమ్, ఇంకేమన్నా చేయాల్నా?’ అని అడిగాడు. చాలదని చెప్పాను. లేపితే లేవకపోయినా, ఊపిరి తడబడినా, ఒళ్లు చల్లబడినా, ఎవరు తిట్టినా సరే 108కి చేయాలని చెప్పాను. ఆ రాత్రి అదృష్టం కొద్దీ గడిచిందని కూడా చెప్పాను. అతను ఏడ్చాడు. ఆగస్టు ఫారం వల్ల జరిగిన మేలు ఏదైనా ఉంటే అదీ, తాగనివాడి దగ్గర జరిగింది.

రెండో ఫారం

నవంబరులో ఫారం మళ్లీ పంపాం. ఈసారి రోల్ నంబరు లేదు, ఈమెయిలు లేదు, అటెండెన్స్ లేదు. ఎవరి ఫోన్‌లో వాళ్లు, ఎప్పుడైనా నింపుకోవచ్చు. స్కోరు నింపినవాళ్లకే కనబడుతుంది. కింద నేనుండే గది, సమయం, ప్రభుత్వం నడిపే మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలి మానస్ నంబరు 14416 రాశాం. ఈసారి సున్నాలు బాగా తగ్గాయి. ఇరవై దాటినవాళ్లు కూడా కనబడ్డారు. వాళ్లెవరో నాకు తెలియదు. అందులో ఒకరు తర్వాత తనంతట తానే వచ్చాడు, అతన్ని సైకియాట్రిస్టు దగ్గరికి పంపాను. ఆ కథ వేరు.

ఒక తప్పు దిద్దుకున్నాను కానీ ఇంకోదాన్ని వదిలేశాను. ఆడిట్ రెండో ప్రశ్న ‘తాగిన రోజున మామూలుగా ఎన్ని డ్రింకులు తీసుకుంటారు’ అని. నేను దాన్ని అలాగే ‘ఎన్ని డ్రింకులు’ అని రాసేశాను.

రూమ్మేట్ పోరు పడలేక చిన్నోడు ఒకరోజు సాయంత్రం వచ్చాడు. సన్నగా, పొడుగ్గా ఉన్నాడు. కుర్చీ అంచున కూర్చున్నాడు. మాటామంతీ లేకుండా ఫోన్ తీసి స్క్రీన్‌షాట్ చూపించాడు. ‘ఆరు మేడమ్. తక్కువ రిస్కు అని మీదే రాసింది. వాడు ఊరికే భయపడతాండాడు.’

ఏ ప్రశ్నకు ఏం పెట్టావని అడిగాను. నెలకు రెండు నుంచి నాలుగుసార్లు తాగుతానని పెట్టాడు, దానికి రెండు మార్కులు. మామూలుగా ఒకటి లేక రెండు డ్రింకులు, దానికి సున్నా. ఒకే పూట ఆరు, అంతకంటే ఎక్కువ ఎప్పుడూ లేదన్నాడు, మళ్లీ సున్నా. తాగుడు వల్ల చేయాల్సిన పని తప్పిందా అంటే అరుదుగా, ఒకటి. తప్పు చేశానన్న బాధ నెలకోసారి, రెండు. రాత్రి జరిగింది గుర్తులేకపోవడం అరుదుగా, ఒకటి. మొత్తం ఆరు. ఒక్క జవాబూ అబద్ధం కాదు.

‘ఒక డ్రింకు అంటే ఏమనుకున్నావు నాయనా?’

‘ఒక క్వార్టర్, మేడమ్. ఇంకేముంటాది?’

నాకు నవ్వొచ్చింది, ఆపుకున్నాను. మంచి ప్రశ్నే కదా. బారులో కూర్చుని పెగ్గు పెగ్గుగా లెక్కపెట్టి తాగేవాడికి డ్రింకు అంటే గ్లాసు. గదిలో సీసా పంచుకునేవాడికి కొలత సీసానే: నైంటీ, క్వార్టర్, హాఫ్, ఫుల్. అమెరికన్ కోర్సుల్లో వైన్ గ్లాసు, బీరు మగ్గు బొమ్మలుంటాయి. నేను బొమ్మలు తీసేసి మాటను మాత్రం ఉంచుకున్నాను.

ఒక క్వార్టర్ ఆరు యూనిట్లని చెప్పాను. అతను నమ్మలేదు. ఫోన్‌లో క్యాలిక్యులేటర్ తీసి 180ని 30తో భాగించాడు. కాసేపు తెరనే చూస్తూ ఉన్నాడు. రెండో ప్రశ్నకు జవాబు సున్నా నుంచి రెండుకు మారింది. మూడోదానికి ‘ఎప్పుడూ లేదు’ పోయి ‘నెలకోసారి’ వచ్చింది, ఇంకో రెండు. ఆరు కాస్తా పదయింది. ‘అయితే ఆ పొద్దు నేను పది వేసినానా? స్కోరూ పదేనా?’ అన్నాడు. ఆ రెండు పదులకూ సంబంధం లేదని వివరించడానికి కొంత సమయం పట్టింది, కానీ అతని మనసులో అవి అతుక్కుపోయాయి. నేనూ ఇక పట్టుబట్టలేదు.

లివరు గురించి, భవిష్యత్తు గురించి, అమ్మానాన్నల గురించి నేను చెప్పే ఏ మాటా అతన్ని కదిలించేది కాదు, అవన్నీ అతనికి తెలుసు. ఆ రోజు కదిలించింది ఆ భాగహారమే. తను జాగ్రత్తగానే తాగుతున్నానని అతను నిజంగా అనుకుంటున్నాడు: ‘ఒకటే కదా’ అని.

ఎనభై మంది

ఇక పక్కవాళ్ల లెక్క. హాస్టల్లో వందమందికి ఎందరు తాగుతారనుకుంటున్నావని అడిగాను. ‘తక్కువంటే ఎనభై.’ నవంబరు ఫారంలో సగానికి మించిన వాళ్లు ఏడాదిగా ఒక్కసారి కూడా తాగలేదన్నారని చెప్పాను. ఆ మాటకు పిల్లాడు అవాక్కవుతాడని, అక్కడి నుంచి ఆలోచనలో పడతాడని పుస్తకాల్లో ఉంటుంది. చిన్నోడు అవాక్కవలేదు.

‘అబద్ధం రాసింటారు మేడమ్. ఆగస్టులో నేను రాయలేదా?’

నా దగ్గర జవాబు లేదు. పేరు లేని ఫారంలో అబద్ధం చెప్పాల్సిన అవసరం తక్కువని గొణిగాను. అతను మర్యాదగా తలూపాడు.

తర్వాతి వారం ఒక తెల్లకాగితం ఇచ్చాను. నీ అంతస్తులో ఉన్నవాళ్లను గది గదికీ గుర్తుచేసుకో, తాగుతూ నీ కళ్లతో చూసినవాళ్లకు మాత్రం ఒక గీత గీయి, పేర్లు రాయొద్దు అన్నాను. ముప్పైఆరు మంది ఉన్న అంతస్తు. తొమ్మిది గీతలు వచ్చాయి. పదోది గీయబోయి ఆగాడు: ‘వీడు తాగినానని చెప్తాడు గానీ నేను చూడలే.’ మళ్లీ లెక్కపెట్టాడు. తొమ్మిదే.

ఎనభై ఎక్కడిదని నేను అడగలేదు. అతనే అన్నాడు, తాగినోళ్లు వరండాలో అరుస్తారు, పాటలు పెడతారు, పొద్దున్నే వాళ్ల కథలే మెస్సులో ఉగ్గాని దగ్గర నడుస్తాయి, మిగతా ఇరవై ఏడు మంది ఆ టైంలో తలుపులేసుకుని పడుకునింటారని. ఈ మాట నేను చెప్పి ఉంటే క్లాసు అయ్యేది.

అప్పటి నుంచి వేరే పిల్లలకూ కాగితమే ఇస్తున్నాను. ఊళ్లో సర్వే అంకెల్ని నమ్మరు, తమ వేళ్ల మీద లెక్కబెట్టుకున్నదాన్ని నమ్ముతారు. ఆన్‌లైన్ పని గురించి రాస్తూ తెల్లకాగితాన్ని పొగుడుతున్నానని తెలుసు.

ఎందుకు తాగుతున్నాడు

కళ్యాణదుర్గం వైపు వేరుశనగ పండించే ఇల్లు. ఇంటర్ దాకా తెలుగు మీడియం. ఇక్కడ క్లాసంతా ఇంగ్లీషు. ప్రెజెంటేషన్ అంటే ముందు రోజు నుంచే కడుపునొప్పి. ‘తాగినాక ఇంగ్లీషు వస్తాది మేడమ్, గ్రామర్ తప్పులైనా ఆగకుండా వస్తాది’ అన్నాడు. రెండో కారణం మరీ పనికొచ్చేది: పాత ప్రశ్నపత్రాలు, ల్యాబ్ రికార్డులు, ఏ సార్ వైవాలో ఏం అడుగుతారన్న సమాచారం అన్నీ సిట్టింగుల్లోనే దొరుకుతాయి. సిట్టింగ్ మానేయమని సలహా ఇస్తే ఆ లైబ్రరీ మూసేసినట్టే.

తప్పు చేశానన్న బాధ నెలకోసారి ఎందుకంటే, నెలకోసారి నాయన మెస్ ఫీజు పంపుతాడు. అవ్వ సంగతి కూడా చెప్పాడు. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంటలో మొదలైన సారా వ్యతిరేక ఉద్యమం రాష్ట్రమంతా పాకినప్పుడు ఆమె తమ ఊళ్లో సారా అంగడి ముందు కూర్చున్న మనిషట. 1995 జనవరిలో మద్య నిషేధం వచ్చినప్పుడు టెంకాయ కొట్టిందట, 1997లో ఎత్తేసినప్పుడు తిట్టిందట. ‘ఆమెకు తెలిస్తే నన్ను కాలేజీలోకొచ్చి కొడ్తాది’ అని నవ్వాడు. నవ్వుతుంటే కళ్లు తడిశాయి. ఆ దారిలో ఇంకా ముందుకు తోస్తే సిగ్గు పెరుగుతుంది, సిగ్గు పెరిగితే ఆ సాయంత్రం ఇంకో క్వార్టర్. అందుకే అక్కడ ఆపేశాను.

నాలుగుసార్లు కూర్చున్నాం, ఒక్కోసారి అరగంట పైన. పూర్తిగా మానేస్తానని అతను ఎప్పుడూ అనలేదు, నేనూ అడగలేదు. కాలేజీలో ఒక పెద్దాయన దీనికి నన్ను నిలదీశారు: ‘అంటే మీరు పద్దెనిమిదేళ్లవాడికి తక్కువ తాగమని చెప్తున్నారా మేడమ్? చట్టం 21 అంటోంది కదా?’ ఆ ప్రశ్న న్యాయమైనదే. చట్టం సంగతి చిన్నోడికి మొదటిరోజే చెప్పాను. ఏ మోతాదూ సురక్షితం కాదని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2023లో చెప్పిన మాటా చెప్పాను. పదిహేడేళ్ల రూమ్మేట్ చేతికి ఎవరైనా గ్లాసు ఇస్తే జువెనైల్ జస్టిస్ చట్టం 77వ సెక్షన్ కింద ఏడేళ్ల దాకా జైలు పడొచ్చని కూడా చెప్పాను, సీనియర్ల చెవిన పడాలనే. అయినా, మానేయి లేదా వెళ్లిపో అంటే అతను వెళ్లిపోయేవాడు. వచ్చినవాణ్ని కుర్చీలో ఉంచడమే నాకు ముఖ్యం.

వద్దని ఎలా చెప్పాలో కొన్ని మాటలు రాసిచ్చాను. చదివి, ‘ఇవి సినిమా డైలాగులు మేడమ్, ఈ మాటలంటే కొడ్తారు’ అన్నాడు. అతని ప్లాన్ అతనే చేసుకున్నాడు. సిట్టింగ్‌కి పోతాడు. కానీ తిరుగు ప్రయాణంలో బండి తోలేది తనే అని ముందే ప్రకటిస్తాడు. తాగి నడిపితే మొదటిసారికే పదివేల దాకా ఫైన్, ఆరు నెలల దాకా జైలు అని అందరికీ భయమే కాబట్టి తోలేవాణ్ని ఎవరూ బలవంతపెట్టరు. పైగా మర్యాద కూడా. నాకు తోచని ఉపాయం. ఒక్క చిక్కు, బండి మీద ముగ్గురు వస్తారు. ఆ విషయంలో గెలవలేదు.

ఇంగ్లీషు కోసం అతన్ని సెకండియర్ చదివే ఒక అమ్మాయి నడిపే సాయంత్రం ప్రాక్టీస్ గ్రూపులో చేర్పించాను. నాలుగు సెషన్లలో నేను మాట్లాడినదానికంటే ఇది ఎక్కువ పనిచేసి ఉండొచ్చు.

జాబితా గొడవ

రెండో ఫారం సంగతి తెలిశాక, స్కోరు ఎక్కువ వచ్చినవాళ్ల జాబితా ఇవ్వమని కాలేజీ పెద్దలు అడిగారు. తల్లిదండ్రులకు ఫోన్ చేస్తారట. పేర్లు నా దగ్గరే లేవన్నాను. పోనీ మీ దగ్గరికి వచ్చినవాళ్ల పేర్లైనా ఇవ్వండన్నారు. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం 23వ సెక్షన్ గోప్యత హక్కు ఇస్తుందని, మందుతో వచ్చే సమస్యలు కూడా ఆ చట్టం పరిధిలోకే వస్తాయని కాగితం మీద రాసిచ్చాను. కొన్నాళ్లు పలకరింపులు తగ్గాయి, నా గదిలో ఫ్యాన్ రిపేరు మాత్రం ఎందుకో ఆలస్యమైంది.

దానికి బదులు నేను ఒకటి అడిగాను. 108కి ఫోన్ చేసిన విద్యార్థి మీద, ఎవరి కోసం చేశారో ఆ విద్యార్థి మీద కూడా కాలేజీ క్రమశిక్షణ చర్య తీసుకోకూడదు. అమెరికాలో చాలాచోట్ల ఇది నియమం. నోటిమాటగా ఒప్పుకున్నారు. రాతపూర్వకంగా ఇవ్వమని మూడుసార్లు గుర్తుచేశాను. ఇంకా రాలేదు. రాతలో లేనిదాన్ని సీనియర్లు నమ్మరు, నేనూ ఫారంలో రాయలేను.

తర్వాత

ఆడిట్ ఏడాది కాలాన్ని అడుగుతుంది కాబట్టి మూడు నెలలకే మళ్లీ పెట్టి మార్పు వచ్చిందనడం కుదరదు. అందుకని క్యాలెండర్ ముందు పెట్టుకుని గడిచిన ముప్పై రోజుల్లో ఏ రోజు ఎంతో గుర్తుచేసుకుని రాసేవాళ్లం, యూనిట్లలో. నవంబరులో నాలుగు రోజులు, ప్రతిసారీ ఆరు లేదా అంతకు పైన. సంక్రాంతి తర్వాత తీసిన లెక్కలో రెండు రోజులు, రెండుసార్లూ మూడు. ఫిబ్రవరిలో కాలేజీ ఫెస్ట్ రాత్రి ఎనిమిది, అది చెప్పడానికి వారం రోజులు నాకు మొహం చాటేశాడు. మే నెలలో పరీక్షలు అయ్యాక మూడు రోజులు, ఎప్పుడూ నాలుగు దాటలేదు. గుర్తులేని రాత్రి మళ్లీ రాలేదు. మానలేదు, తగ్గింది.

ఇది ఫారం వల్లనా, కాగితం వల్లనా, బండి వల్లనా, రూమ్మేట్ వల్లనా, ఇంగ్లీషు గ్రూపు వల్లనా? ఒక్క కేసుతో తేల్చలేను. ఫోన్, కంప్యూటర్ ద్వారా ఇచ్చే ఇలాంటి సలహాల మీద, జరిగిన పరిశోధనలన్నీ కలిపి తూచే కాక్రేన్ సంస్థ 2017లో తెచ్చిన సమీక్ష ప్రకారం తగ్గేది వారానికి సగటున సుమారు 23 గ్రాములు. మన భాషలో ఒక మామూలు బీరు సీసా కంటే తక్కువ. పక్కవాళ్ల లెక్క చూపించే పద్ధతి మీద 2015లో వచ్చిన మరో కాక్రేన్ సమీక్ష ఇంకా కటువుగా, విద్యార్థుల్లో చెప్పుకోదగ్గ ప్రయోజనం లేదని తేల్చింది. చిన్నోడు నా మొహం మీదే అన్న ‘అబద్ధం రాసింటారు’ అన్న మాటకు అది మర్యాదైన రూపమేమో.

అయినా ఫారాన్ని వదల్లేదు. స్కోరు తప్పుగా వచ్చినా చిన్నోడు ఆ స్క్రీన్‌షాట్ పట్టుకునే కదా నా గదికి వచ్చింది. చేతిలో ఏదో ఒకటి లేకుండా పిల్లలు కౌన్సెలర్ గదికి రారు.

అమ్మాయిల హాస్టల్ గురించి ఈ కేసు ఏమీ చెప్పదు. అక్కడ ఫారం నింపినవాళ్లు తక్కువ, వచ్చి కూర్చున్నవాళ్లు లేరు. తాగకపోవడమే కారణమని నేననుకోను.

2025 ఆగస్టులో కొత్త బ్యాచ్‌కి పంపే ముందు ఫారాన్ని చిన్నోడికి చూపించాను. ఇప్పుడు రెండో ప్రశ్నలో ‘డ్రింకు’ అన్న మాట లేదు. సీసాల బొమ్మలున్నాయి: పెగ్గు, నైంటీ, క్వార్టర్, మామూలు బీరు, స్ట్రాంగ్ బీరు. ఏది ఎన్నో నొక్కితే యూనిట్లు అదే లెక్కేస్తుంది. రెండుసార్లు పైకీ కిందికీ జరిపి చూశాడు.

‘ప్యాకెట్ యాడ మేడమ్?’

‘ఏ ప్యాకెట్?’

‘కర్ణాటక ప్యాకెట్. రాయదుర్గం, మడకశిర పిల్లోళ్లంతా తెచ్చేది అదే. సీసా కాదు కదా, అది తాగినోడు ఏమీ నొక్కడు. మళ్లా సున్నా వస్తాది మీకు.’

90 మిల్లీలీటర్ల టెట్రా ప్యాకెట్, మూడు యూనిట్లు. బొమ్మ అతనే ఫోన్‌లో వెతికి పంపాడు.